కారు హీటెక్కుతోందా? ఎక్కడ, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, తిరుమల ఎక్కే ఘాట్‌లోనో శ్రీశైలం దారిలోనో అరకు మలుపుల్లోనో బానెట్ ఎత్తి పక్కకి పెట్టిన బండ్లు కనిపించడం మొదలవుతుంది. ఆ బండి ఓనర్ ఓ నలుగురిని అడిగితే నాలుగు సమాధానాలొస్తాయి. ఒకరు థర్మోస్టాట్ వాల్వ్ పీకి పడేయమంటారు, ఇంకొకరు రేడియేటర్ బ్లాక్ అయ్యిందంటారు, మూడో ఆయన ఇది హెడ్ గాస్కెట్టే, ముప్పై నలభై వేలు రెడీ చేసుకో అంటాడు, నాలుగో ఆయన ఏం లేదన్నా నీళ్ళు పోసి వెళ్ళిపో అంటాడు. తమాషా ఏంటంటే వీళ్ళలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు, ఎందుకంటే హీటెక్కడం అనేది జ్వరం లాంటిది, జ్వరం ఒకటే గానీ దాని వెనక ఉన్న రోగాలు పది. నాకు అర్థం కానిదల్లా, ఈ నలుగురిలో ఒక్కరూ "ఎప్పుడు ఎక్కుతోంది, సిగ్నల్ దగ్గరా, హైవే మీదా, ఎత్తు ఎక్కేటప్పుడా, పొద్దున్నే స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకా" అని అడగరెందుకు అని. సగం డయాగ్నసిస్ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది, ఎందుకో చూద్దాం.

ఇంజిన్‌లో అసలు ఎంత వేడి పుడుతుంది

ముందు కొంచెం లెక్క, భయపడాల్సినంత లేదు. లీటరు పెట్రోల్ కాలితే వచ్చే శక్తి మన కరెంటు మీటర్ భాషలో చెప్పాలంటే దాదాపు 9 యూనిట్లు. అందులో ఇంజిన్ పనిగా మార్చేది మహా అయితే మూడో వంతు, ఇంకో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పొగతో పాటు పోతుంది, మిగిలిన మూడో వంతుకి కాస్త అటూ ఇటూ ఇంజిన్ గోడల్లోకి ఎక్కుతుంది, దాన్నే కూలింగ్ సిస్టమ్ బయటికి మోయాలి.

ఇప్పుడు ఒక మామూలు పెట్రోల్ కారు హైవే మీద 80 స్పీడ్‌లో లీటరుకి 16 కిలోమీటర్లు ఇస్తూ పోతోంది అనుకోండి. గంటకి 5 లీటర్లు తాగుతుంది, అంటే 45 యూనిట్లు, అందులో 30 శాతం వేసుకున్నా గంటకి 13 యూనిట్ల పైచిలుకు వేడి. ఇంట్లో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు ఆరేడు ఒకేసారి ఆన్ చేసినంత వేడిని బానెట్ కింద నుంచి ఆగకుండా తీసి బయట పారేస్తూ ఉండాలన్నమాట. పని బాగా జరుగుతున్నంత సేపూ మనకి ఆ సంగతే తెలీదు.

అదే కారు ఘాట్ ఎక్కుతోంది. సెకండ్ గేర్, స్పీడ్ 25, మైలేజీ లీటరుకి 5 కిలోమీటర్లు అనుకుందాం. 25ని 5తో భాగిస్తే మళ్ళీ గంటకి 5 లీటర్లే! పుట్టే వేడి హైవే మీద ఎంతో ఇక్కడా అంతే, కానీ ముందు నుంచి రేడియేటర్‌లోకి దూసుకొచ్చే గాలి మాత్రం మూడో వంతుకి పడిపోయింది. ఇక మిగిలిన పనంతా ఫ్యానే చేయాలి. ఘాట్‌లో బండ్లు ఎందుకు ఆగిపోతాయంటే జవాబు ఇదే, ఎక్కడం వల్ల అదనంగా ఏదో మాయ జరగదు.

ఇంకో లెక్క ఎండ గురించి. రేడియేటర్ ఎంత వేడి వదలగలదు అన్నది లోపలి నీళ్ళకి, బయటి గాలికి మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది. లోపల 95 డిగ్రీలు, బయట డిసెంబర్‌లో మధ్యాహ్నం 30 అయితే తేడా 65. మేలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 అయితే తేడా 50. 50ని 65తో భాగించి చూడండి, అదే రేడియేటర్ సామర్థ్యం దాదాపు 23 శాతం తగ్గిపోయింది. దానికి తోడు ఏసీ కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, రేడియేటర్‌కి ముందే కూర్చుని ఉంటుంది కాబట్టి రేడియేటర్‌కి తగిలే గాలి బయటి గాలి కంటే ఇంకాస్త వేడిగా ఉంటుంది. కండిషన్‌లో ఉన్న బండికి ఈ తగ్గుదల తట్టుకునే మార్జిన్ కంపెనీవాళ్ళు పెట్టే ఉంచుతారు. పాతికో ముప్పయ్యో శాతం పూడిపోయిన రేడియేటర్‌కి ఆ మార్జిన్ అప్పటికే అయిపోయి ఉంటుంది, చలికాలంలో బయటపడదు, మేలో బయటపడుతుంది. "మొన్నటిదాకా బానే ఉందండి" అనే మాట అందుకే నిజం, కానీ బండి మాత్రం మొన్ననే పాడవలేదు.

నీళ్ళు తిరిగే దారిలో ఎవరెవరున్నారు

వాటర్ పంప్ నీళ్ళని ఇంజిన్ బ్లాక్, హెడ్ చుట్టూ తిప్పుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంత సేపు థర్మోస్టాట్ అనే చిన్న వాల్వ్ రేడియేటర్ వైపు దారి మూసి ఉంచుతుంది, లోపల ఒక రకం మైనం ఉంటుంది, అది సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది, అప్పుడు నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్తాయి. రేడియేటర్ సన్నని ట్యూబులు, వాటి చుట్టూ రేకులు. వెనకో ముందో ఫ్యాన్. చిన్న కార్లన్నిటికీ ఎలక్ట్రిక్ ఫ్యాన్, సెన్సార్ చెప్తే రిలే ద్వారా తిరుగుతుంది. లారీలకి, బొలెరో లాంటి కొన్ని డీజిల్ బండ్లకి ఇంజిన్‌తో పాటే తిరిగే విస్కస్ ఫ్యాన్, దాని మధ్యలో సిలికాన్ ఆయిల్ ఉన్న కప్లింగ్, ఆ ఆయిల్ కారిపోతే ఫ్యాన్ తిరిగినట్టే కనిపిస్తుంది కానీ పట్టు ఉండదు.

వీటిలో జనం బొత్తిగా పట్టించుకోనిది మూత. రేడియేటర్ మూత అంటే ఏదో డబ్బా మూత కాదు, అదొక ప్రెషర్ వాల్వ్. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె రాసి ఉంటుంది చూడండి, అది బార్‌లలో ప్రెషర్. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి, అరకు అంత ఎత్తుకి వెళ్తే 97 దగ్గరే మరుగుతాయి. ఒక బార్ ప్రెషర్ పెట్టి బిగిస్తే 120 దాకా మరగవు, సగం సగం కూలెంట్ కలిపి ఉంటే 129 చుట్టుపక్కలకి పోతుంది. అంటే మూత రబ్బరు అరిగిపోయి ప్రెషర్ పట్టకపోతే ఇంజిన్ ఏ తప్పూ చేయకపోయినా నీళ్ళు ముందే మరిగి, రేడియేటర్‌కి కలిపి ఉండే కూలెంట్ బాటిల్‌లోంచి పొంగిపోతాయి. కొన్ని వందల రూపాయల సరుకు ఇది, రేడియేటర్ మార్చేముందు ఎవరైనా దీన్ని చూశారా అంటే చాలాసార్లు చూడరు.

వేడి మీద మూత తీయకూడదు అనడానికి కారణం కూడా ఇదే. లోపల 110 డిగ్రీల దగ్గర నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయంటే ప్రెషర్ నొక్కిపెట్టి ఉంచింది కాబట్టి. మూత తిప్పగానే ప్రెషర్ పోతుంది, అన్ని నీళ్ళలో కొంత భాగం ఆ క్షణంలోనే ఆవిరై మిగతా నీళ్ళని మొహం మీదకి చిమ్ముతుంది. మూతకి ఇంకో చిన్న పని కూడా ఉంది, బండి చల్లారినప్పుడు లోపల వాక్యూమ్ వస్తుంది కదా, అప్పుడు బాటిల్‌లోంచి కూలెంట్‌ని వెనక్కి లాక్కోవాలి. ఆ వాల్వ్ మొరాయిస్తే పొద్దున్నే టాప్ హోస్ (రేడియేటర్ పైవైపు గొట్టం) చప్పిడిగా అతుక్కుపోయి ఉంటుంది, బాటిల్ మాత్రం నిండుగా కనిపిస్తుంది. బాటిల్ నిండుగా ఉంటే రేడియేటర్ నిండుగా ఉన్నట్టే అనుకోవడం ఇక్కడే దెబ్బ కొడుతుంది. కొన్ని కార్లకి రేడియేటర్ మీద మూతే ఉండదు, బాటిలే ప్రెషర్ ట్యాంక్, వాటికి మాత్రం బాటిల్ లెవెల్ నమ్మొచ్చు.

సిగ్నల్ దగ్గరా, హైవే మీదా, స్టార్ట్ చేసిన వెంటనేనా

పై లెక్కలన్నీ ఇక్కడ పనికొస్తాయి. అమీర్‌పేట సిగ్నల్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, ఓఆర్ఆర్ ఎక్కగానే కిందకి దిగుతుంది అనుకోండి. ఐడిల్‌లో బండి గంటకి లీటరు లోపే తాగుతుంది, అంటే పుట్టే వేడి హైవేలో పుట్టేదాంట్లో ఐదో వంతు. అంత తక్కువ వేడికే తట్టుకోలేకపోతోంది, ఐదు రెట్లు వేడి పుట్టే చోట మాత్రం బానే ఉంది. నీళ్ళు తిరగడంలో లోపం ఉంటే మామూలుగా ఇలా జరగదు, ఎక్కువసార్లు లోపం గాలిలో ఉంటుంది, అంటే ఫ్యాన్. ఫ్యూజ్ కావచ్చు, రిలే కావచ్చు, మోటార్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, సెన్సార్ చెప్పాల్సిన టైమ్‌కి చెప్పకపోవచ్చు. దీనికి తోడుగా ఇంకో క్లూ ఉంటుంది, సిగ్నల్‌లో ఏసీ కూడా చల్లదనం తగ్గి కదిలాక మళ్ళీ చల్లగా వస్తుంది, ఎందుకంటే కండెన్సర్‌కి కూడా ఆ గాలే దిక్కు. చాలా కార్లలో ఏసీ ఆన్ చేస్తే ఫ్యాన్ కూడా తిరగాలి. ఏసీతో తిరుగుతోంది, ఏసీ ఆఫ్‌లో మాత్రం ఎంత హీటెక్కినా తిరగట్లేదు అంటే మోటార్ బాగున్నట్టే, సెన్సార్ వైపో దాని వైరింగ్ వైపో చూడాలి.

సీన్ రివర్స్ చేద్దాం. సిటీలో రోజంతా తిరిగినా ఏమీ లేదు, విజయవాడ హైవే మీద 100 దాటితేనో, ఘాట్ ఎక్కితేనో ముల్లు లేస్తుంది. సిటీలో బానే ఉందంటే ఫ్యాన్ తిరుగుతున్నట్టే, వేడి ఎక్కువ పుట్టినప్పుడు మోసే కెపాసిటీ చాలట్లేదు. రేడియేటర్ ట్యూబులు లోపల సున్నం పట్టి మూసుకుపోవడం, వాటర్ పంప్ ఇంపెల్లర్ రెక్కలు తినేయడం, బెల్ట్ జారడం, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకుండా సగంలో ఆగడం, ఇవన్నీ ఈ గుంపే. బాటమ్ హోస్ మెత్తబడిపోయి, ఇంజిన్ రేజ్ చేసినప్పుడు పంప్ లాగే లాగుడికి లోపలికి నొక్కుకుపోవడం కూడా ఉంటుంది, ఆగి ఉన్న బండిలో చూస్తే హోస్ నిక్షేపంగా కనిపిస్తుంది. ఇంకోటి, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే ఉంటుంది, వెనక ఆ సందులో మాత్రం ఏళ్ళ తరబడి దుమ్ము, పురుగులు, పల్లెల్లో తిరిగే బండికైతే పొట్టు, పత్తి పీచు కలిసి పరుపులా పేరుకుని ఉంటాయి. వాటర్ సర్వీస్‌లో ముందు నుంచి కొట్టే నీళ్ళు దాన్ని కదిలించవు సరికదా ఒక్కోసారి ఇంకా బిగిస్తాయి.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే, గట్టిగా నడపకుండానే ఎక్కేస్తోంది అంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయి ఉండాలి, లేదా లోపల గాలి చిక్కుకుని ఉండాలి. టాప్ హోస్ కాలిపోతూ బాటమ్ హోస్ చల్లగా ఉంటే నీళ్ళు రేడియేటర్ దాటి తిరగట్లేదని అర్థం. మొన్ననే కూలెంట్ మార్పించాక మొదలైతే ఎయిర్‌లాక్ మీదే మొదటి అనుమానం పెట్టుకోవచ్చు, గాలి తీయకుండా పోసి మూత బిగించేస్తే ఇలాగే అవుతుంది. ముల్లు స్థిరంగా ఉండకుండా పైకీ కిందకీ ఊగుతుంటే లెవెల్ తగ్గింది, సెన్సార్‌కి ఒకసారి నీళ్ళు ఒకసారి గాలి తగులుతున్నాయి అని ముందు అనుకోవాలి, వైరింగ్ ఆ తర్వాత.

హీటర్‌తో ఒక టెస్ట్ ఉంది, అది నాకు బాగా నచ్చుతుంది. ఇంజిన్ కాలిపోతున్నట్టు ముల్లు చూపిస్తోంది, హీటర్ ఆన్ చేస్తే మాత్రం చల్లగాలి వస్తోంది. డాష్‌బోర్డ్ వెనక ఉండే హీటర్ కోర్ దాకా వేడి నీళ్ళు చేరట్లేదు, అంటే లోపల నీళ్ళే లేవు లేదా పంప్ తిప్పట్లేదు. హీటర్‌లోంచి భగభగా వస్తే మాత్రం నీళ్ళున్నాయి, తిరుగుతున్నాయి, సమస్య బయట పారేసే దగ్గరుంది.

ముల్లుని ఎంతవరకు నమ్మొచ్చు

పాత బండ్లలో ముల్లు సెన్సార్ చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు చూపించేది. ఇప్పుడు చాలా కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) దాన్ని నునుపు చేసి చూపిస్తుంది, 80 డిగ్రీలున్నా 100 ఉన్నా ముల్లు సరిగ్గా మధ్యలోనే కూర్చుంటుంది, కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్ళు తగ్గాలని. దాంతో ముల్లు కదిలే టైమ్‌కే విషయం ముదిరిపోయి ఉంటుంది. ఇంకా చిన్న కార్లలో అయితే ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, హీటెక్కితే ఎర్ర లైటు, అంతే. ఓబీడీ పోర్ట్‌లో (మెకానిక్‌లు స్కానర్ తగిలించే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంటే అసలు డిగ్రీలు ఫోన్‌లో కనిపిస్తాయి, మామూలుగా 85 నుంచి 100 చిల్లర మధ్య ఆడుతుంటుంది, ఫ్యాన్ ఆన్ అవగానే దిగుతుంది, అలా ఆడటం జబ్బు కాదు. 110 దాటి ఇంకా ఎక్కుతూ ఉంటే అప్పుడు ఆలోచించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన అబద్ధం ఇంకోటి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్ళలో మునిగి ఉండదు, గాలిలో వేలాడుతూ ఉంటుంది, అప్పుడది తక్కువ చూపించొచ్చు, ముల్లు కిందకి దిగొచ్చు కూడా. హోస్ పగిలిన బండి డ్రైవర్ "ముల్లు తగ్గింది, సర్దుకుంది" అనుకుని ఇంకో పది కిలోమీటర్లు లాగేది ఇందుకే.

కంగారు అక్కర్లేనివీ ఉన్నాయి. బండి ఆపాక కూడా ఫ్యాన్ కాసేపు తిరగడం చాలా కార్లలో డిజైనే. బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్ తనలోని మసిని కాల్చుకునేటప్పుడు ఐడిల్ కాస్త పెరిగి ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో మోగుతుంది, ఆ మధ్యలో ఆపేస్తే ఆపాక కూడా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి రేడియేటర్ విప్పించుకున్నవాళ్ళున్నారు.

రోడ్డు మీద ఎక్కితే ఇంజిన్ ఆపేయాలా, ఐడిల్‌లో ఉంచాలా అన్న వాదన కూడా ఇక్కడే తేలుతుంది, ఇద్దరూ రైటే కానీ వేర్వేరు బండ్ల విషయంలో. ఘాట్ ఎక్కి వచ్చిన బండి, నీళ్ళు కారట్లేదు, ఆవిరి లేదు, ఫ్యాన్ తిరుగుతోంది, అలాంటప్పుడు ఏసీ ఆపి ఐడిల్‌లో ఉంచితే పంపూ ఫ్యానూ కలిసి వేడిని బయటికి లాగేస్తాయి, ఠక్కున ఆపేస్తే హెడ్ దగ్గర నీళ్ళు కదలకుండా నిలిచి అక్కడికక్కడే మరుగుతాయి. అదే కూలెంట్ కారిపోయిన బండి, లేదా ఫ్యాన్ తిరగని బండి అయితే ఐడిల్‌లో ఉంచిన ప్రతి నిమిషం నష్టమే.

థర్మోస్టాట్ తీసేయాలా వద్దా

మన దగ్గర దీనంత గొడవ ఇంకో పార్టు మీద లేదు. మెకానిక్‌ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మనకి మంచు పడదు, ఇంజిన్ త్వరగా వేడెక్కాల్సిన తొందర లేదు, ఈ వాల్వ్ మూసుకుపోతే ఇంజిన్ పోతుంది, లేకపోతే పోయేది కాస్త మైలేజీ, ఏది మేలు? కార్బురేటర్ బండ్ల కాలంలో అలా తీసేసి లక్షల కిలోమీటర్లు తిప్పినవాళ్ళు ఉన్నారు, ఆ అనుభవంతోనే చెప్తారు.

అవతలి వాదన, ఇప్పటి ఇంజిన్ వేరు. ఈసీయూ టెంపరేచర్ చూసి పెట్రోల్ ఎంత కొట్టాలో నిర్ణయిస్తుంది, చలికాలంలో పొద్దున్నే హైవే మీద 70 దగ్గరే ఆగిపోయిన ఇంజిన్‌ని అది ఇంకా వేడెక్కని ఇంజిన్ అనుకుని ఎక్కువ పెట్రోల్ కొడుతూనే ఉంటుంది, చెక్ లైట్ కూడా వెలగొచ్చు. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరవ్వదు, అరుగుదల పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది, రేడియేటర్ దారి తెరుస్తూ అదే టైమ్‌లో బైపాస్ దారి మూస్తుంది. అలాంటిదాంట్లో పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్ళీ ఇంజిన్‌లోకి పోతుంది. చల్లబడాలని తీసేస్తే ఘాట్‌లో ఇంకా హీటెక్కుతుంది.

అయితే థర్మోస్టాట్ ఉంచమనేవాళ్ళు చెప్పే ఒక కారణం మాత్రం తప్పు: "తీసేస్తే నీళ్ళు మరీ స్పీడ్‌గా తిరిగి రేడియేటర్‌లో చల్లబడే టైమ్ దొరకదు" అంటారు. రేడియేటర్‌లో తక్కువ టైమ్ ఉంటే ఇంజిన్‌లో కూడా తక్కువ టైమే ఉంటుంది కదా, అవే నీళ్ళు రౌండ్లు కొడుతున్నాయి, ఫ్లో పెరిగితే రేడియేటర్ వదిలే వేడి పెరుగుతుందే గానీ తగ్గదు. నిజమైన సమస్య బైపాస్.

నాకు అసలు ఇబ్బందిగా అనిపించేది ఇంకోటి. తీసేశాక హీటింగ్ ఆగిపోతే అందరూ "చూశారా, థర్మోస్టాటే పోయింది" అంటారు. అలా అనడానికి లేదు. సగం పూడిన రేడియేటర్ ఉన్న బండిలో కూడా తీసేస్తే కొన్నాళ్ళు ఆగుతుంది, ఎందుకంటే ఇప్పుడు బండి 70 నుంచి ఎక్కడం మొదలుపెడుతోంది, ఇదివరకు 88 నుంచి మొదలుపెట్టేది, ఎర్ర లైటు దాకా చేరడానికి టైమ్ పడుతుంది అంతే. వచ్చే మేలో రేడియేటర్ ఇంకాస్త పూడాక మళ్ళీ మొదటికొస్తుంది. తీసేసినా మొదటిరోజు నుంచీ ఎక్కుతూనే ఉంటే మాత్రం అదొక పనికొచ్చే సమాచారం, బైపాస్ సంగతి పక్కనపెడితే తప్పు ఇంకెక్కడో ఉంది. పాత దాన్ని విప్పి నీళ్ళ గిన్నెలో వేసి స్టవ్ మీద పెడితే తెరుచుకుంటుందో లేదో కంటికే కనిపిస్తుంది, ఆ పది నిమిషాల పని ఎందుకు చేయరో మరి.

నీళ్ళు పోస్తే ఏమవుతుంది

వేడి మోయడంలో నీళ్ళే బెస్ట్, ఇది కూలెంట్ అమ్మేవాళ్ళు పెద్దగా చెప్పరు. సగం సగం కలిపిన కూలెంట్ కిలోకి మోసే వేడి వట్టి నీళ్ళ కంటే 15 నుంచి 20 శాతం తక్కువ. రేసు కార్లలో నీళ్ళకి తుప్పు పట్టని మందు కలిపి వాడేవాళ్ళు ఉన్నారు. కానీ కూలెంట్ వాడేది అందుకోసం కాదు, మరుగు డిగ్రీలు పెంచడానికి, అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాక్, టంకం, ఇవన్నీ ఒకే నీళ్ళలో ఉంటే తినేయకుండా ఆపడానికి, పంప్ సీల్ ఎక్కువ కాలం బతకడానికి. మనదగ్గర వట్టి నీళ్ళు అంటే బోరు నీళ్ళు, అందులో కాల్షియం మెగ్నీషియం ఉప్పులు ఉంటాయి, హెడ్‌లో బాగా వేడెక్కే చోట అవి గట్టి పొరగా పట్టేస్తాయి, ఆ పొర వేడిని దాటనివ్వదు. అత్యవసరంలో బిస్లరీ బాటిలో బోరు నీళ్ళో ఏది దొరికితే అది పోయడంలో తప్పు లేదు, సమస్య ఆ తర్వాత మర్చిపోవడంలో ఉంది.

ఎలా పలచబడుతుందో చూడండి. సిస్టమ్‌లో 5 లీటర్లు, 50 శాతం కూలెంట్. చిన్న లీకు, లీటరు పోయింది, నీళ్ళు పోశారు, 40 శాతం. ఇంకోసారి, 32. మూడోసారికి 25 చిల్లర. రంగు మాత్రం ఇంకా ఆకుపచ్చగానే కనిపిస్తుంది, కాబట్టి కూలెంట్ ఉందనే అనుకుంటారు. షాపులో ముందే కలిపి అమ్మే రకం తెచ్చి దాంట్లో మళ్ళీ సగం నీళ్ళు కలిపేవాళ్ళ సంగతి కూడా ఇంతే.

రంగు గురించి ఒక్క మాట, ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ, వీటికి ఏ రూలూ లేదు, కంపెనీకొక రంగు. పాత రకం రెండేళ్ళకి మార్చాలి, ఓఏటీ అనే కొత్త రకం ఐదేళ్ళ దాకా వస్తుంది, రెండూ కలిపితే ఆ ఐదేళ్ళ ఆయుష్షు పోతుంది, కొన్ని కాంబినేషన్లలో చిక్కటి గుజ్జులా తయారవుతుంది. డబ్బా వెనక జేఐఎస్ కే 2234 లాంటి స్టాండర్డ్ నంబర్ ఉంటుంది, మాన్యువల్‌తో పోల్చాల్సింది అది. అన్నట్టు కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా, కింద కారిన గుంట కుక్కలు నాకితే చచ్చిపోతాయి, కడిగేయాలి.

పసుపు సంగతి చెప్పకపోతే లారీ డ్రైవర్లు ఒప్పుకోరు. రేడియేటర్‌లో చిన్న లీకుంటే పసుపు వేస్తారు, పని చేస్తుంది కూడా, ఆ పొడి లీకయ్యే చిల్లు దగ్గరకి కొట్టుకుపోయి అడ్డుపడుతుంది. పాత ఇత్తడి రేడియేటర్లలో ట్యూబులు లావుగా ఉండేవి, తర్వాత షాపులో విప్పి రాడింగ్ చేయిస్తే, అంటే ట్యూబుల్లో ఊచ పెట్టి శుభ్రం చేయిస్తే, పోయేది. ఇప్పుడు అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంక్, ట్యూబులు సన్నం, హీటర్ కోర్‌వి ఇంకా సన్నం, పొడికి ఏది చిల్లో ఏది దారో తెలీదు. ఊరు చేరడానికి ఓకే, చేరాక ఆ రేడియేటర్ మీద ఆశ వదులుకోవాలి.

హెడ్ గాస్కెట్ అన్న మాట ఎప్పుడు నమ్మాలి

ఇంజిన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే పల్చటి షీట్ ఇది. సిలిండర్‌లో పేలుడు ప్రెషర్ యాభై బార్ పైమాటే, పక్కనే నీళ్ళ దారిలో ఒక బార్. మధ్యలో గీత అంత దారి దొరికినా చాలు, గ్యాస్ నీళ్ళలోకి దూరిపోతుంది. దాంతో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంకా వేడి పుట్టకముందే హోస్‌లు రాయిలా గట్టిపడతాయి, బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. బండి ఆపాక ప్రెషర్ తిరగబడుతుంది, ఇప్పుడు నీళ్ళు సిలిండర్‌లోకి ఊరుతాయి, అందుకే పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ కాసేపు కుంటుతుంది, తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంది, ఎక్కడా కింద చుక్క పడకుండానే కూలెంట్ తగ్గుతుంటుంది.

వీటిలో ఒక్కటి కనిపించిందని తీర్పు చెప్పేయడం కుదరదు. తెల్లపొగ, మాయమయ్యే కూలెంట్, ఈ రెండూ డీజిల్ బండిలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచేది) పగిలినా వస్తాయి, హెడ్ దించి చూస్తే గాస్కెట్ బాగానే ఉంటుంది, దించిన కూలీ మాత్రం పోతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపిస్తే ఆయిల్ కూలర్ పోయినా అంతే, వానాకాలంలో రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో ఉత్త తేమ వల్ల కూడా కొంచెం కనిపిస్తుంది. తేల్చడానికి చవకైన టెస్ట్ ఉంది, రేడియేటర్ నోటి దగ్గర ఆవిరిని ఒక నీలం ద్రవంలోంచి పీల్చుతారు, పెట్రోల్ బండిలో పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది పసుపుకి తిరుగుతుంది. ఈ కిట్ అన్ని షెడ్లలో ఉండదు, ఉన్నచోట దాన్ని అడగకుండా హెడ్ దించడానికి ఒప్పుకోవడం నాకైతే అర్థం కాదు.

చిక్కు ఏంటంటే గాస్కెట్ పోతే హీటెక్కుతుంది, హీటెక్కితే గాస్కెట్ పోతుంది, ఏది ముందో విప్పి చూసినా కనిపించదు. అల్యూమినియం హెడ్ ఇనుప బ్లాక్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, బోల్టులు కదలనివ్వవు, హద్దు దాటితే వంగిపోతుంది. వంపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటితే చాలా ఇంజిన్లకి లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించాల్సిందే, అంటే అడుగుభాగాన్ని చదును చేయించాల్సిందే, అందుకే హెడ్ బిల్లు అంత వస్తుంది. ఇప్పుడు ఒక కారు అనుకోండి, సిగ్నల్స్‌లో మాత్రమే ఎక్కేది, ఓనర్ నీళ్ళు పోసుకుంటూ నడిపాడు, ఒకరోజు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో హెడ్ వంగింది. షెడ్‌లో గాస్కెట్ వేశారు, ఫేసింగ్ కొట్టారు, కొత్త కూలెంట్ పోశారు, ట్రయల్ కోసం హైవే మీదకి తీసుకెళ్ళారు, ముల్లు కదల్లేదు, బండి అప్పగించేశారు. హైవే మీద ఎందుకు కదుల్తుంది, గాలి ఉంది కదా. మూడు నెలల్లో అదే బండి అదే హెడ్‌తో మళ్ళీ వస్తుంది, ఈసారి గాస్కెట్ నాసిరకం అని గొడవ జరుగుతుంది, ఫ్యూజ్ బాక్స్‌లో కాంటాక్టులు మాడిపోయిన ఫ్యాన్ రిలే మాత్రం రెండుసార్లూ ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంటుంది.